ఫొటో కింద ఊరి పేరు

2006 జూలైలో ఒక మంగళవారం ఉదయం పదకొండుంబావుకు ఫొటో స్టూడియో అతను మా హోమ్‌కు వచ్చాడు. అందులో విశేషమేమీ లేదు. ముగ్గురు నలుగురు కొత్త పిల్లలు చేరగానే అతనికి కబురు పెట్టేవాళ్లం. స్కూటరు మీద వచ్చి, వరండా గోడకు నీలం దుప్పటి కట్టించి, అరగంటలో పని ముగించుకుని వెళ్లేవాడు.

ఏలూరులోని ఆ బాలికల హోమ్‌లో నేను సూపరింటెండెంటుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజర్లో వచ్చి వెళ్లేదాన్ని. మా పని ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. స్టేషన్లలో దొరికిన పిల్లలు, పనుల్లోంచి విడిపించిన పిల్లలు, ఇల్లు విడిచి వచ్చేసినవాళ్లు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద మా దగ్గరకు వస్తారు. వాళ్లకు తిండి, బట్ట, బడి చూడటం సగం పని. మిగతా సగం వాళ్లను ఇంటికి చేర్చడం. కాగితాల్లో దీన్ని రెస్టొరేషన్ అంటారు. తనిఖీకి వచ్చే అధికారులు ముందుగా అడిగేది ఆ రెండో సగం గురించే. పిల్ల నోటి నుంచి ఊరి పేరు రాబట్టడాన్ని మా సిబ్బంది 'అడ్రసు పట్టడం' అనేవారు. అడ్రసు పట్టడంలో నాకు మంచి పేరు ఉండేది.

ఆ రోజు ఫొటో తీయవలసినవాళ్లలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు. పెద్దదానికి పన్నెండేళ్లు ఉండవచ్చు, చిన్నదానికి ఆరు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, అది చాలు.

వాళ్లు గణపవరం వైపు ఒక చేపల చెరువు గట్టు మీద దొరికారు. కార్మిక శాఖవాళ్లు తనిఖీకి వెళ్తే కాపలా పాకలో మేత సంచులు ఉతుకుతూ కనిపించారట. ఎవరో మేస్త్రీ తీసుకొచ్చి వదిలివెళ్లాడు. ఆ మేస్త్రీ ఊరేదో చెరువు యజమానికి తెలియదు. పిల్లలను అప్పగించే రోజు ఆయన కూడా మా ఆఫీసుకు వచ్చాడు. తనమీద కేసు ఉంటుందేమోనని భయపడుతూనే పెద్దపిల్ల మీద ఒక ఫిర్యాదు చెప్పాడు.

"పిట్టల కాపలాకి పెట్టుకున్నానండీ. నీటికాకుల్ని తోలడానికి టపాకాయ కాలుస్తాం కదండీ. అది పేలిందంటే చాలు, ఈ పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని పీకల్లోతు నీళ్లలోకి దిగిపోద్దండీ. కాకులు గట్టుమీదే ఉంటాయి, కాపలావాళ్లు చెరువులో ఉంటారు. ఇదెక్కడి కాపలా అండీ?"

మా గుమస్తా నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాననే గుర్తు. ఇంటేక్ ఫారంలో, అంటే పిల్ల చేరిన రోజు నింపే కాగితంలో, ఆరోగ్యం అన్న గడిలో 'శబ్దభయం' అని రాశాను.

వాళ్లకు తెలుగు రాదు. మాట్లాడేది కోయ భాషలా ఉందని మొదట గుర్తించింది మా హౌస్ మదర్ జమీలాబీ గారు. హౌస్ మదర్ అంటే పిల్లలతోపాటే హోమ్‌లో ఉండి వాళ్లను చూసుకునే ఆవిడ. ఏలూరులో తరాలుగా తివాచీలు నేసిన కుటుంబం వాళ్లది. చదువు అయిదో తరగతి. పిల్లల విషయంలో నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి అని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు అలా అనుకోలేదు. ఆవిడ పోయిన ఏడాది పోయారు. మా హోమ్‌లో ఈ సంగతి మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్లలో, నాకు తెలిసినంతలో, ఇక నేనే మిగిలాను. రాయడానికి కారణం అదే.

నాకు చదివే అలవాటు ఉంది. గ్రంథాలయం నుంచి కోయల జీవితం మీద ఒక పుస్తకం తెచ్చుకుని రైల్లో చదివాను. నీళ్లు, అన్నం, అక్క, చెల్లి లాంటి పది పదిహేను మాటలు నేర్చుకున్నాను. వాటిని పలికినప్పుడు చిన్నది కిసుక్కున నవ్వేది. పెద్దది నవ్వేది కాదు. చెల్లెలు నవ్వుతూ ఏదైనా చెప్పబోతే దాని నోటిమీద చెయ్యి వేసేది.

ఆసుపత్రిలో వార్డు అటెండరుగా పనిచేసే లక్ష్మయ్య అనే కోయ అతను ఉండేవాడు. మన జిల్లా ఏజెన్సీ వాడు. ఆదివారాలు వచ్చి పిల్లల మాటను తెలుగులోకి తిప్పి చెప్పమని అడిగాను. వచ్చేవాడు. వాళ్ల మాట తన మాట ఒకటి కాదని, ముప్పాతిక వంతు అర్థమవుతుందని చెప్పాడు. మూడు ఆదివారాలు పెద్దపిల్ల ఒక్క ప్రశ్నకూ జవాబు ఇవ్వలేదు.

నాలుగో ఆదివారం సుద్దముక్క ఇచ్చి వరండా గచ్చు మీద వాళ్ల ఊరు గీయమన్నాను. అది నా పద్ధతి. ఊరి పేరు చెప్పని పిల్ల కూడా ఊరు గీస్తుంది. గీస్తూ మాట్లాడుతుంది. ఆమె కొండ గీసింది, వాగు గీసింది, సంత జరిగే చోటు గీసింది. ఇళ్లు గీసింది. తర్వాత అరచేత్తో కొన్ని ఇళ్లను తుడిచేసింది. ఎందుకని అడిగించాను.

"కాలిపోయాయంటందండి," అన్నాడు లక్ష్మయ్య.

కేసు షీటులో 'గ్రామంలో అగ్నిప్రమాదం' అని రాశాను. రాష్ట్ర సరిహద్దు అవతల అడవుల్లో ఏడాదిగా ఏం జరుగుతోందో నాకు తెలియకపోలేదు. పేపరు రోజూ చదువుతాను. తుపాకులు పట్టిన రెండు పక్షాల మధ్య ఊళ్లు ఖాళీ అవుతున్నాయని, జనం మన వైపు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకుంటున్నారని చదివాను. చదివినది ఒకచోట, నా ముందున్న సుద్దగీతలు మరోచోట ఉండిపోయాయి.

తర్వాత ఆమె కొంచెం దూరంగా ఇంకో చోటు గీసింది. చెట్లు, వాగు, వరసగా కొత్త గుడిసెలు. నాన్న, అన్న అక్కడే ఉన్నారంది. అన్నకు పద్నాలుగేళ్లట. అమ్మ జ్వరంతో పోయిందంది. ఆ గుడిసెలకు దగ్గరున్న మన ఊరి పేరు కూడా చెప్పింది. అంతా అయ్యాక సుద్దముక్క నా చేతిలో పెట్టి లక్ష్మయ్యతో ఏదో అంది. అతను గచ్చు మీది గీతలను ఒకసారి చూసి నాకు చెప్పాడు.

"ఎవరికీ చెప్పొద్దంటందండి."

"చెప్పనని చెప్పు," అన్నాను.

అతను చెప్పాడు. ఆమె నా మొహంలోకి చూసి తల ఊపింది.

అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించలేదు. ఇందులో మా వృత్తి సంగతి కొంత ఉంది. ఇల్లు విడిచి వచ్చిన ప్రతి పిల్లా 'చెప్పొద్దు' అనే అంటుంది. తండ్రి కొడతాడని, బడికి పంపుతారని, ఊళ్లో పరువు పోతుందని అంటుంది. మేం చెప్పేస్తాం. నాలుగో రోజున తల్లి ఏడుస్తూ వస్తుంది, పిల్ల కూడా ఏడుస్తూ ఆవిడ చీర పట్టుకుంటుంది. వందసార్లు అలా జరిగాక 'చెప్పొద్దు' అన్న మాటను వినడం మానేస్తాం. నేను మానేశాను.

అడ్రసు దొరికాక మా ముందు రెండు దారులు ఉండేవి. ఒకటి హోమ్ ఎంక్వైరీ, అంటే మనిషి స్వయంగా వెళ్లి కుటుంబాన్ని చూసి రావడం. రెండోది పత్రికా ప్రకటన, అంటే ఫొటో, పేరు, తండ్రి పేరు, ఊరు వేసి సంబంధీకులు రావలసిందని కోరడం. ఏజెన్సీకి వెళ్లి రావాలంటే రెండు రోజులు. వర్షాలు మొదలయ్యాయి, ఆ నెలలోనే తనిఖీ ఉంది. ప్రకటనకు ఒక కవరు చాలు. ముందు ప్రకటన వేద్దామని నేనే నిర్ణయించాను. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు.

మంగళవారం ఫొటో అతను వచ్చేసరికి జమీలాబీ గారు ఆఫీసు గుమ్మంలోకి వచ్చారు.

"మేడం గారూ, ఫొటో అనగానే పెద్దపిల్ల చెల్లెలి మొహానికి చెయ్యి అడ్డం పెట్టేసిందండీ. ఈ వారానికి వదిలేద్దామండీ."

"వదిలేస్తే వాళ్ల నాన్నకు తెలిసేదెలాగండీ?"

"తెలియాల్సింది ఆయనొక్కడికే అయితే పేపరెందుకండీ, ఊరందరికీ?"

ప్రకటన వేయడం పద్ధతని, పద్ధతి ఒక్కో పిల్లకు ఒక్కోలా మార్చలేమని చెప్పాను. ఆవిడ గౌను తేవడానికి లోపలికి వెళ్లారు. ఫొటోల కోసమని మా హోమ్‌లో కాలరున్న పసుపుపచ్చ గౌను ఒకటి ఉండేది. ఏ పిల్ల ఫొటో తీసినా అదే తొడిగేవాళ్లం. చిన్నపిల్లలకు వెనక పిన్నీసులు పెట్టేవాళ్లం. పేపర్లో పిల్ల శుభ్రంగా కనిపించాలన్నది నా పట్టుదల.

"ఇటు చూడమ్మా బుజ్జీ, కెమెరాలో కాకి ఉంది," అన్నాడు ఫొటో అతను. చిన్నది మాట అర్థం కాకపోయినా చూసింది. పెద్దది చూడలేదు. నేను వెళ్లి గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పాను. ఫొటో బాగా వచ్చింది.

ప్రకటన నేనే రాశాను. నా ప్రకటనల్లో చిరునామా ఎప్పుడూ పూర్తిగా ఉంటుందని కమిటీలో మెచ్చుకునేవారు. ఇద్దరి పేర్లు, తండ్రి పేరు, సరిహద్దు అవతల సొంత ఊరు, ప్రస్తుతం తండ్రి, అన్న ఉంటున్న గుడిసెలు ఏ ఊరికి ఏ దిక్కున, ఏ వాగు పక్కన ఉన్నాయో అన్నీ రాశాను. ప్రకటన పంపిన పేపరు ఏజెన్సీ ప్రాంతానికి కూడా వెళ్తుంది. అందుకే ఆ పేపరును ఎంచుకున్నాను.

ఆగస్టు మొదట్లో తండ్రి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. వాచ్‌మన్ వచ్చి, ఎవరో గేటు దగ్గర నిలబడి పేపరు ముక్క చూపిస్తున్నాడండీ, మాట తెలియడం లేదండీ అన్నాడు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని దాచడం న్యాయం కాదు కనక రాస్తున్నాను. లక్ష్మయ్యకు ఫోను చేయించి, తండ్రిని లోపలికి పిలిపించి, కుర్చీ చూపించాను. ఆయన కింద కూర్చున్నాడు. సన్నగా ఉన్నాడు, కాళ్లకు ఎండిన బురద. నేను ఇచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు తలుపు పక్కన పెట్టాడు.

లక్ష్మయ్య వచ్చాక ఫారం ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. పిల్లలు తనవాళ్లేనని ఆధారం ఏమైనా ఉందా అని అడిగించాను. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పంచాయతీ ఉత్తరం ఏదైనా సరే. ఆయన పొగాకు కవరులోంచి మా ప్రకటన తీసి బల్లమీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. పేపరు ఎక్కడ దొరికిందని అడిగించాను.

ఆయన చాలాసేపు చెప్పాడు. లక్ష్మయ్య నేల చూస్తూ విన్నాడు. తర్వాత నాకు కొద్ది మాటల్లో చెప్పాడు.

"ముగ్గురు మనుషులు ఈ కాయితం పట్టుకుని గుడిసెల దగ్గరకొచ్చారంటండి. ఈయన పేరు పైకి చదివారంటండి. తన పేరు కాయితం మీద ఉంటదని అప్పుడే తెలిసిందంటున్నాడండి. ఈయనకి చదువు రాదు కదండి, వాళ్లే చదివి వినిపించారంట. పిల్లాణ్ణి తీసుకుపోయారండి."

సొంత ఊళ్లో ఉన్నప్పుడే తుపాకి పట్టడానికి ఇంటికొకరిని పంపాలని అడిగారట. ఆ అబ్బాయిని ఇవ్వకుండా ఉండటానికే ఆయన ముగ్గురు పిల్లలతో సరిహద్దు దాటాడు. దొరికితే అందరూ ఒక్కసారే దొరకకూడదని ఆడపిల్లలను చెరువుల పనికి వెళ్లే మేస్త్రీ వెంట పంపాడు. ఊరి పేరు ఎవరికీ చెప్పొద్దని వాళ్లకు చెప్పాడు.

వచ్చినవాళ్లు ఏ పక్షంవాళ్లు అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. చేతిలో పెన్ను ఉంది, అందుకని కావచ్చు. ఆయన జవాబు చెప్పాడు.

"తుపాకులున్నవాళ్లంటున్నాడండి," అన్నాడు లక్ష్మయ్య.

సరిగ్గా ఎవరో అడగమని మళ్లీ అన్నాను.

"ఆయనకి తేడా లేదండి మేడం గారూ."

ఆ ముగ్గురూ పేపరును అక్కడే పడేసి వెళ్లారట. మర్నాటికి మిగతా కుటుంబాలు కూడా గుడిసెలు విడిచి వెళ్లిపోయాయి. వాళ్ల జాగా కూడా అందరికీ తెలిసిపోయింది కదా. ఆయన ఆ పేపరు తీసుకుని, దారిలో కనిపించిన ప్రతి చదువుకున్నవాడికీ చూపించుకుంటూ ఏలూరు వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే లక్ష్మయ్య నాకు చెప్పలేదు.

పిల్లలను పిలిపించాం. చిన్నది పరుగెత్తుకొచ్చి తండ్రి మెడ పట్టుకుంది. పెద్దది గుమ్మంలోనే ఆగి తండ్రి వెనక, తర్వాత కిటికీలోంచి గేటు వైపు చూసింది. ఒక్క మాట అడిగింది. అది నేను నేర్చుకున్న మాటల్లో లేదు, అయినా అర్థమైంది. తండ్రి చెప్పాడు. ఆమె తండ్రిని చూడలేదు. నన్ను చూసింది.

ప్రకటన ముక్కకు జిరాక్సు తీయించి 'తండ్రి గుర్తింపు ఆధారం' అని ఫైలుకు జత చేశాను. వేరే ఆధారం లేదు. ఆ సాయంత్రం లక్ష్మయ్యను, నీకు ముందే అనుమానం వచ్చిందా అని అడిగాను.

"వచ్చిందండి."

"మరి చెప్పలేదేమయ్యా?"

"మాట తిప్పి చెప్పమన్నారండి. నా మాట అడగలేదు కదండి."

తండ్రి పిల్లలను అప్పుడే తీసుకువెళ్లలేదు. ఉండటానికి చోటు లేదన్నాడు, చోటు చూసుకుని వస్తానన్నాడు. ఆ తర్వాత పెద్దపిల్ల నాతో మాట్లాడలేదు. నేను వరండాలోకి వస్తే లోపలికి వెళ్లేది. వారం గడిచాక జమీలాబీ గారు వచ్చారు.

"తనే చెప్పేశానని ఆ పిల్ల కుళ్లిపోతోందండీ. అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. తప్పు దానిది కాదని మీరో మాట చెప్పండి మేడం గారూ. వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో అదే అంటోంది, నేను చెబితే నమ్మట్లేదు."

రేపు చెబుతానన్నాను. రేపు అంటూ పదకొండు రోజులు గడిపాను. తప్పు నీది కాదు అని చెబితే ఎవరిదో కూడా చెప్పాలి. లక్ష్మయ్య ముందు, జమీలాబీ గారి ముందు, పన్నెండేళ్ల పిల్లకు అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. జమీలాబీ గారు రోజూ సాయంత్రం నేను రైలుకు బయలుదేరేటప్పుడు గేటు దగ్గర నిలబడేవారు. పన్నెండో రోజున మాత్రం అన్నారు: "మీ రైలు రోజూ వెళ్తదండీ. ఆ పిల్ల రోజూ ఉండదు."

లక్ష్మయ్యను పిలిపించాను. తప్పు నీది కాదు, పేపరుకు రాసింది నేను అని చెప్పించాను. ఆమె శ్రద్ధగా విని ఒక ప్రశ్న అడిగింది.

"మరి చెప్పనని ఎందుకన్నారని అడుగుతందండి."

పొరపాటు జరిగిందని చెప్పమన్నాను. లక్ష్మయ్య ఒక్క మాటతో ముగించలేదు, చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. ఆమె ఆ రాత్రి అన్నం తిన్నదని మర్నాడు జమీలాబీ గారు చెప్పారు. నాతో మాత్రం మాట్లాడలేదు.

ఇంతవరకూ రాసింది పొరపాటు అనుకోవచ్చు. తర్వాతిది పొరపాటు కాదు. నెలవారీ నివేదికలో ఈ కేసు ఎదురుగా 'పత్రికా ప్రకటన ద్వారా తండ్రి ఆచూకీ లభించినది' అని రాశాను. అబ్బాయి సంగతి రాయలేదు. అందుకు గడి లేదన్నది నిజమే కాని, గడి లేని సంగతులు రాయడానికి కింద ఖాళీ ఉంటుంది. డిసెంబరులో తాడేపల్లిగూడెంలో మాలాంటి హోమ్‌ల సిబ్బందికి శిక్షణ జరిగింది. భాష రాని పిల్లల నుంచి వివరాలు ఎలా రాబట్టాలో చెప్పమని నన్ను అడిగారు. సుద్దముక్క పద్ధతి గురించి గంటసేపు చెప్పాను. కొండ, వాగు, సంత, ఇళ్లు. తుడిచేసిన ఇళ్ల గురించి చెప్పలేదు. అందరూ రాసుకున్నారు. చివర్లో ఒక అమ్మాయి లేచి, పిల్ల ఎవరికీ చెప్పొద్దంటే ఏం చేయాలండీ అని అడిగింది. నమ్మకం కలిగించాలి అని జవాబిచ్చాను. ఆ జవాబు కూడా రాసుకున్నారు. ఎన్ని హోమ్‌లలో ఎంతమంది దాన్ని పాటించారో నాకు తెలియదు.

మరుసటి వేసవిలో తండ్రి మళ్లీ వచ్చాడు. పిల్లలను తీసుకువెళ్తానన్నాడు. కమిటీ ఒప్పుకుంది. పిల్లను అప్పగించేటప్పుడు వెళ్లే చోటు చిరునామా రాసుకోవడం తప్పనిసరి. అడిగించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పెద్దపిల్లకు అప్పటికి తెలుగు బాగానే వచ్చింది, పక్కనే నిలబడి ఉంది.

"చెప్పం," అంది.

పది నెలల్లో ఆమె నాతో అన్న మాట అదొక్కటే. చిరునామా గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. నా సర్వీసులో అది మొదటిసారి. ఫైలు వెనక్కి వచ్చింది. 'తండ్రి వెంట' అని మాత్రం రాసి మళ్లీ పంపాను. వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. అబ్బాయి ఏమయ్యాడో తెలియదు. తెలుసుకోవడానికి రాసే ప్రతి ఉత్తరంలో అతని పేరు రాయవలసి వస్తుందని ఎవరికీ రాయలేదు. ఇది జాగ్రత్తో, సాకో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

వాళ్లు వెళ్లాక జమీలాబీ గారు పట్టుబట్టగా కమిటీకి రెండు పేజీల నోట్ ఇచ్చాను. జరిగింది జరిగినట్టు, అబ్బాయి సంగతితో సహా రాశాను. నామీద చర్య ఏదైనా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. ఇకముందు ఏ ప్రాంతం పిల్లలైనా సరే ముందు మనిషి వెళ్లి చూసి రావాలని, పిల్ల ఎందుకు చెప్పొద్దంటోందో అడిగి ఆ జవాబును ఫారంలో రాయాలని మా హోమ్ వరకు ఒక నియమం పెట్టుకున్నాం. రిటైరయ్యేదాకా పాటించాను. అందువల్ల ఆ అబ్బాయికి ఒరిగింది లేదు.

ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పిల్ల దాచిపెట్టేది కూడా పిల్ల ఇచ్చే సమాచారమే. దాన్ని రాబట్టగలగడం వేరు, దాచగలగడం వేరు. మొదటిది నాకు వచ్చు, రెండోది రాదు.

కిందటి నెల జమీలాబీ గారి అబ్బాయిని చూడటానికి ఏలూరు వెళ్లినప్పుడు హోమ్‌కు కూడా వెళ్లాను. ఇప్పుడున్న సూపరింటెండెంటు నన్ను ఎరగదు. పాత సామాన్ల బీరువాలో పసుపుపచ్చ గౌను ఇంకా ఉంది. అక్కడ ఇప్పుడు పిల్లల ఫొటో కింద తండ్రి పేరు, ఊరి పేరు వేయడం లేదు.